బకెట్ వాన

గడ్డికి నీళ్ళు పెట్టేది నా పని.
అనంతపురంలో ఆ పని చేసేవాణ్ణి
ఎవరూ మంచి కన్నుతో చూడరు.

మార్చి ఆఖరున టీమ్ దిగింది.
ఇరవై ముగ్గురు పిల్లలు, జెర్సీల మీద దేశం పేరు.
ఉగ్గానితో మిరపకాయ బజ్జీ కొరికి
కళ్ళనీళ్ళు పెట్టుకున్న మణిపూర్ పిల్ల లింతోయ్.
గోలు కాసేది ఆ పిల్లే.

పెన్నోబులేసు సారుది ఉరవకొండ పక్క పల్లె.
వాళ్ళ నాయన ఏడు బోర్లేసినాడు.
ఏడోది ఆరొందల ఎనభై అడుగులు.
దుమ్మొచ్చింది.
ఆ లెక్క సారు ఎవరికీ చెప్పడు,
మా చిన్నాయన చెప్తే నాకు తెలుసు.

"ఆడ వాన," అన్నాడు మొదటిరోజే.
"పొద్దున వాన, మాపున వాన.
బంతి చేప అయితాది.
మనవి వాన ఎరగని కాళ్ళు."

ట్యాంకర్ తెప్పించినాం.
గడ్డి తడిసి మెరుస్తాంటే
కంచె అవతల ప్లాస్టిక్ బిందెలు వరసగా నిలబడినాయి.
ఎవరూ అరవలే.
ఒక ముసలామె బిందెను బోర్లించి, దానిమీదే కూర్చోని
ఆట చూస్తాంది.
విజిల్ నోట్లో పెట్టుకున్న సారు
శానాసేపు ఊదలే.

మర్నాటి నుంచి ట్యాంకర్ కంచె అవతలికే పోయింది.
మాకు ఒక బకెట్ మిగిలింది.
హాస్టల్ బాత్రూముది, నీలం రంగు,
పిడి ఊడిపోతే తీగతో కట్టినది.
"బంతి ముంచి ఇయ్యి, కుళ్ళాయీ."
నేను ముంచుతా, సారు తంతాడు,
లింతోయ్ ఎగురుతాది.
సబ్బుబిళ్ళ మాదిరి జారిపోయేది బంతి.
మళ్ళా ముంచు.
నలభై రెండు డిగ్రీల ఎండలో
ఆ పిల్ల ఒక్కదాని మీదే వాన.

పిల్లలవి ఆరు భాషలు. సారు ఒకే మాట నేర్పినాడు:
"యెనకా!"
ఎవరు నీ యెనక వస్తాన్నా ఆ మాటే అరవాల.
జార్ఖండ్ పిల్లలు అరిచినారు, కేరళ పిల్లలు అరిచినారు,
రోడ్డు మీద పోయే ఆటోవాడు బ్రేకేసి యెనక్కి చూసినాడు.

"గెలుస్తామా సార్?" బాహామణి అడిగింది.
పోయినసారి అదే టీమ్ చేతిలో ఏడు గోల్సు.
సారు బూట్ల మన్ను దులుపుకుంటానే చెప్పినాడు,
"ఇరవై నిమిషాలు తెగకుండా ఉందాం.
తర్వాత ఇంకో ఇరవై.
ఆటంతా ఒక్కసారే ఎత్తుకుంటే నడుమిరుగుతాది.
దేశం, దేశం అని లోపల అనుకోవాకండి, బరువు.
పక్కనున్న పిల్ల పేరు పిలవండి. సాలు."

మ్యాచ్ మనకు రాత్రి రెండున్నరకు.
స్టోర్‌రూమ్‌లో బకెట్ బోర్లించి
దానికి ఫోన్ ఆనించి చూసినా.
జెర్సీల నంబర్లు కనపడనంత వాన.
ఇరవై నిమిషాలు. నలభై. అరవై.
బంతి వచ్చి రొమ్ముకు తగిలేది,
లింతోయ్ దాన్ని పసిబిడ్డను పొదువుకున్నట్టు పొదువుకునేది.
మైకుల్లో ఎక్కడిదో ఆ దేశపు హోరు,
దాన్ని చీల్చుకోని
ఒక గొంతు: "యెనకా!"
నేను నిజంగానే యెనక్కి చూసినా.
చీపుర్లు, సున్నం మూట.

ఎనభై ఒకటో నిమిషంలో పడింది గోలు.
జారి కాదు. పొడుగుపిల్ల తలతో కొట్టింది.
అంతే. ఒకటి, సున్నా.

తెల్లారినాక ఫోన్ మోగింది.
సారు. స్కోరు మాటెత్తలే.
"ఆడ పడిందా?"
"ఏంది సార్?"
"వాన."
"లేదు సార్. మబ్బు పట్టింది, పోయింది."
అవతల నీళ్ళు కారే చప్పుడు,
ఏ చూరు నుంచో, ఆగకుండా.
"ఆదివారం ఇంకో మ్యాచుంది," అన్నాడు.
మళ్ళా రోంతసేపటికి,
"బకెట్ పారేయవాకు."

పారేయలే.
తీగ తుప్పు పట్టింది,
కొత్తది కట్టాల.